గాలిమోటరు రాని పూట

మొన్న మా అమ్మాయి పురుడని బెంగళూరు బయలుదేరి శంషాబాద్ విమానాశ్రయంలో కూర్చున్నాను. విమానం నాలుగు గంటలు ఆలస్యమని తెర మీద అక్షరాలు మారగానే, నా పక్క వరుసలోని ముప్పయ్యేళ్ల మనిషి ఒకడు లేచి వెళ్లి, అక్కడ నిలబడ్డ ఉద్యోగిని ముందున్న బల్లను పిడికిలితో గుద్దడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయిన ప్రతిసారీ ఒక గుద్దు. ఆమె వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. అతని వేళ్ల కణుపులు చిట్లి బల్ల మీద నెత్తురు మరకలు పడ్డాయి, అయినా ఆపలేదు. భద్రతా సిబ్బంది వచ్చి రెక్కలు పట్టి తీసుకుపోయేదాకా చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు ఎత్తి పట్టుకుని చూశారు. నేను అతని పిడికిలినే చూశాను. ముప్పయ్యేళ్ల కిందట నాకూ అలాంటిదే ఒకటి ఉండేది.

విమానం ఆలస్యమైతే ఆ సమయాన్ని ఎలా సద్వినియోగం చేసుకోవాలో ఈ రోజుల్లో పిల్లలకు బాగా తెలుసు. ఒకరు సినిమా చూస్తారు, ఒకరు కాళ్లు బార చాపి నిద్రపోతారు, ఒకరు ఆఫీసు పని తెరుస్తారు. నేను నా జీవితంలో ఒక్కసారి ఆలస్యమైన విమానం పుణ్యమా అని దొరికిన సమయాన్ని వాడుకున్నాను. అది ఎలా వాడానో ఇన్నాళ్లూ ఎవరికీ వివరంగా చెప్పలేదు. నా ఈడువాళ్లు మీరు గనక, బేగంపేటలో విమానమెక్కే ఒక్కడి కోసం ఊరు ఊరంతా వ్యానెక్కి వచ్చే రోజులు మీకు గుర్తుండే ఉంటాయి గనక, చెప్పుకుంటున్నాను.

మాది శామీర్‌పేట చెరువు మీద ఆధారపడి బతికిన ఇల్లు. నాయిన, చిన్నాయన ఇద్దరే అన్నదమ్ములు, చెరువులో చేపలు పట్టేవారు, కట్ట కింద ఉన్న పొత్తుల పొలంలో వరి వేసేవారు. నాయిన నోట్లో నాలుక లేని మనిషి. చిన్నాయన అలా కాదు, చేతులతో మాట్లాడే మనిషి. విసురు వలను భుజాన వేసుకుని, అంచు ఒకటి పళ్ల మధ్య పట్టుకుని, నడుము తిప్పి ఒక్క విసురు విసిరితే అది నీళ్ల మీద గుండ్రంగా, జల్లెడలా చక్కగా పరుచుకునేది. ఆ విద్య నాకు ఆయనే నేర్పాడు. ఎనిమిదేళ్ల వయసులో నన్ను నడుం లోతు నీళ్లలో నిలబెట్టి, వల చిక్కుపడ్డప్పుడల్లా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, చక్కగా పడ్డనాడు భుజాన ఎత్తుకుని కట్టంతా తిప్పాడు. నాకు నాయిన కంటే ఆయనే ఎక్కువ అనుకునేవాణ్ణి, అందుకే తరువాత ఆయన మీద వచ్చిన కోపం కూడా మామూలు కోపం కాలేదు.

చెరువుకు ఒక కట్టుబాటు ఉండేది. తొలి వానలు పడి కొత్త నీళ్లు వచ్చిన రోజుల్లో చేప గుడ్లతో ఎదురెక్కి వస్తుంది గనక ఎవరూ వల వేయకూడదు. ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు కట్టుబాట్లంటే ముసలివాళ్ల చాదస్తం. ఒకనాటి పొద్దున్నే వెళ్లి వల వేశాను, బుట్ట నిండింది. కట్ట ఎక్కి వస్తుంటే చిన్నాయన ఎదురొచ్చాడు. బుట్టలోకి చూశాడు, పొట్టలు ఉబ్బిన ఆ చేపలను చూశాడు, పదిమంది చూస్తుండగా నా చెంప పగిలేలా కొట్టాడు. పెదవి చిట్లి ఉప్పగా నోట్లోకి వచ్చింది. అంతటితో ఆగక, నడుముకున్న కొడవలి తీసి నా వలను అడ్డంగా, నిలువుగా కోసి నీళ్లలో పారేశాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన చేసింది అక్షరాలా న్యాయం. కానీ కళ్ల ముందు పదిమంది ఉన్నప్పుడు న్యాయం ఎవడికి కనపడుతుంది.

నాకు కోపం ముక్కు మీదే ఉండేది, అప్పటిది మాత్రం లోపలికి దిగి కూర్చుంది. వారం తిరగకుండా నేను నాలుగు బండరాళ్లు ఎడ్లబండి మీద తెచ్చి పొత్తుల పొలం నడిమధ్యన హద్దుగా పాతాను. నాయిన వద్దని నా చెయ్యి పట్టుకుంటే తోసేశాను, బురదలో పడ్డాడు. చిన్నాయన గట్టు మీద నిలబడి చూసి వెళ్లిపోయాడు. ఆ రాళ్లు పాతాక ఇద్దరన్నదమ్ములు ఒకే చెరువులో వేర్వేరు మూలల్లో వల వేసుకున్నారు. నడుము నొప్పి మనిషి నాయిన, ఒంటరిగా దున్నలేక ఆ యాసంగి పంటకు సగం మడి బీడు పెట్టాడు. నా పంతం మాత్రం నెగ్గింది.

మరుసటేడు వానలు మొదలయ్యే నాటికి నాకు మస్కట్‌లో ఇనుప కమ్మీలు వంచే పనికి వీసా వచ్చింది. పొద్దున పదకొండు గంటలకు విమానం. తెల్లవారుతుండగా అమ్మ నుదుట బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది, ముత్తయిదువ నీళ్ల బిందెతో ఎదురొచ్చింది, మెడలో బంతిపూల దండతో ఒక డీసీఎం వ్యానులో ఇరవైమందిమి ఎక్కాం. శకునం చూసి గడప దాటినవాడు ప్రయాణం తీరకుండా మళ్లీ గడప తొక్కకూడదన్నది మా ఇంటి ఆచారం, ఇది మాత్రం మరిచిపోకండి. వ్యాను ఊరు దాటుతుండగా మూలమలుపులో చిన్నాయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. వ్యాను ఎక్కలేదు, చెయ్యి ఎత్తలేదు. నేను ఆయన వైపు చూసి కావాలనే రోడ్డు మీద ఉమ్మేశాను.

బేగంపేట చేరేసరికి, రావాల్సిన విమానం ఇంకా రానేలేదని, సాయంత్రం ఆరుకు గానీ బయలుదేరదని, నాలుగింటికల్లా మళ్లీ రమ్మని చెప్పారు. ఇరవైమంది జనం, ఎండ, ఆకలి. ఇంటికి పోదామంటే గడప తొక్కరాదు. నాయిన మాత్రం ఎన్నడూ లేనిది గట్టిగా మాట్లాడాడు.

"ఎటూ వోవద్దు. ఈడనే చెట్టు కింద కూసుందాం, గా బన్నులు తిని నీళ్లు తాగుదాం" అన్నాడు. రెండుసార్లు అన్నాడు, మూడోసారి నా ముంజేయి పట్టుకుని అన్నాడు. ఆ మాట వెనక ఏముందో నేను పట్టించుకోలేదు.

మా మేనమామ ఊరుకునే రకం కాదు. ఆయనకు ప్రతిదానికీ ఒక కారణం కావాలి, ఆ కారణం ఎప్పుడూ కల్లు కుండకో యాటపోతుకో దారి తీసేది. కొబ్బరికాయ కొట్టారు సరే, చెరువు గట్టునున్న కట్టమైసమ్మకు యాటను కొయ్యలేదు గనకనే ఆ తల్లి విమానాన్ని ఆపిందని తేల్చేశాడు.

"అమ్మను మరిస్తిమి, గాలిమోటరును పట్టి ఆపింది. కట్ట మీదికి వోదాం పాండ్రి. ఇంట్లకు వోతలేం గద, కట్టకు ఏం తప్పు" అన్నాడు. ఆడవాళ్లు ఔనంటే ఔనన్నారు, డ్రైవరుకూ ఆకలి వేస్తోంది. నాయిన ఒక్కడే తల అడ్డంగా ఊపుతూ వ్యాను ఎక్కాడు.

తూంకుంటలో యాటపోతును కొన్నారు, కల్లు కుండలు ఎక్కించారు. పదకొండున్నరకల్లా కట్ట మీదున్నాం. మైసమ్మ రాయి ముందు మామ ఒక్క వేటుతో తల తెగ్గొట్టాడు. మొండెం ఇంకా కాళ్లు తన్నుకుంటుండగానే దాన్ని ఈడ్చుకుంటూ అమ్మ గద్దె చుట్టూ నెత్తురు చారలు గీశాడు, నా నుదుట నెత్తుటి బొట్టు పెట్టాడు. ఆ వాసనకు, ఆ ఎండకు, దారిలో తాగిన కల్లుకు నా తల దిమ్మెక్కింది. మాంసం ఉడకడానికి కట్టెలు కొట్టమని గొడ్డలి నా చేతికిచ్చారు. తుమ్మ మొద్దులు, గట్టివి. మెడలో ఎండిపోతున్న బంతిపూల దండతోనే మొద్దులు చీలుస్తున్నాను. మధ్యలో నడుం విరుచుకోవడానికి లేచి, కట్టకు అవతలి వైపు, కింద మా పొలం వైపు చూశాను.

చిన్నాయన గడ్డపారతో నా రాళ్లు పీకుతున్నాడు.

మూడు రాళ్లు అప్పటికే గట్టు పక్కన పడి ఉన్నాయి. నాలుగోదాని మొదట్లో గడ్డపార దింపి ఒళ్లంతా వేసి ఎత్తుతున్నాడు. నేను విమానమెక్కి సముద్రం మీద ఉన్నాననుకుని, నేను పోయిన పూటే, నాయిన ఇంకా ఊళ్లోకి తిరిగి రాకముందే పొలం కలిపేసుకుంటున్నాడని నాకు అనిపించింది. పక్కకు వచ్చిన మామ కూడా చూశాడు.

"అందుకే రా బిడ్డ మైసమ్మ నీ గాలిమోటరును ఆపింది. కండ్లతోని సూడుమని ఆపింది" అన్నాడు.

ఆ మాటతో నాకు అమ్మవారి అనుమతి దొరికింది. ఆలస్యమైన విమానం నాకోసమే ఆలస్యమైంది. కట్ట దిగి పరుగెత్తాను. వెనక నాయిన నా పేరు పెట్టి అరుస్తున్నాడు, ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. చిన్నాయన తలెత్తి చూశాడు. ఆయన ముఖంలో మొదట కనపడింది భయం కాదు, ఆశ్చర్యం. విమానంలో ఉండాల్సినవాడు మెడలో దండతో, నుదుట నెత్తురుతో, చేతిలో గొడ్డలితో పొలం గట్టు మీద ఉరికొస్తుంటే ఎవరికైనా అదే కలుగుతుంది. ఆయన గడ్డపారను కింద వదిలేశాడు. ఇది నేను బాగా చూశాను, ఆయన చేతిలో ఉన్న ఇనుమును వదిలేశాడు. అయినా గొడ్డలి ఎత్తాను.

తలకే కొట్టాను. అబద్ధం చెప్పడం ఎందుకు, తలకే. ఆయన కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతికి కాస్త కింద దిగింది దెబ్బ, పచ్చి వెదురు విరిగిన చప్పుడు వచ్చింది. పదును వైపు కాక వెనక మొద్దు వైపు తగిలింది. అది నా మంచితనం కాదు, పరుగులో గొడ్డలి నా చేతిలో ఎలా తిరిగి ఉందో అలాగే దిగింది. పదును వైపు ఉంటే ఆ చెయ్యి అక్కడే రాలి పడేది. ఆయన మోకాళ్ల మీద కూలాడు. చర్మం చీలి ఎముక తెల్లగా బయటికి కనపడుతోంది. నేను ఆగలేదు, రెండో దెబ్బ భుజం మీద వేశాను. అప్పటికి మామ కూడా వచ్చి పడి, పడ్డ మనిషి పక్కటెముకల్లో కాలితో తన్నాడు. వాళ్లింటి వైపు నుంచి చిన్నమ్మ కొంగు జారిపోతున్నా చూసుకోకుండా ఉరికొచ్చి నా వీపు మీద పిడిగుద్దులు గుద్దింది, నా చెయ్యి పట్టి కొరికింది. ఆ పళ్ల గుర్తు ఇప్పటికీ ఉంది.

మూడోసారి ఎత్తేసరికి నాయిన వచ్చి తమ్ముడి మీద బోర్లా పడ్డాడు. ఆయన జుట్టు పట్టి పక్కకు లాగాను. ఆయన నుదురు నేను పాతిన రాయికే తగిలి పగిలింది. నెత్తురు కళ్లలోకి కారుతుంటే తుడుచుకోకుండా నా కాళ్లు రెండూ వాటేసుకున్నాడు.

"నేనే పీకుమన్న రా" అన్నాడు. "నువ్వు వోయినంక పీకుమన్న. నువ్వుంటే పీకనియ్యవని. నా పాలు గూడ వాడే దున్నుతనన్నడు రా."

అంతే అన్నాడు. గొడ్డలి చేతిలో అలాగే ఉంది. ఆ మాటలు చెవిలో పడ్డాయి గానీ అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది. నేను దేశం దాటిన పూటే అన్నదమ్ములిద్దరూ మళ్లీ కలవాలనుకున్నారు. నడుము వంగని అన్న పొలాన్ని కూడా నాట్లకు ముందే తానే దున్నిపెడతానని తమ్ముడు ఒప్పుకున్నాడు. అందుకే ఆయన వ్యాను ఎక్కలేదు, అందుకే నాయిన బేగంపేటలో చెట్టు కిందే కూర్చోమని బతిమాలాడు. నా కోపానికి దడిసి ఈ మంచి మాటను ఇంట్లో ఎవరికీ, అమ్మకు కూడా, చెప్పలేదు. అప్పుడు నాయిన లేచి, జీవితంలో మొదటిసారి నన్ను కొట్టాడు. చెప్పుతో, చేత్తో, మళ్లీ చెప్పుతో, ముఖమనీ మెడనీ చూడకుండా. దండ తెగి పూలు బురదలో పడ్డాయి. నేను చేతులు అడ్డం పెట్టుకోలేదు.

ఆపింది చిన్నాయనే. బురదలో కూర్చుని, వేలాడుతున్న చేతిని ఎడమ చేత్తో ఒళ్లో పట్టుకుని అన్నాడు.

"ఇగ సాలు అన్న. యాళ్లయితాంది. పోరన్ని బండెక్కియ్యి."

జనం పోగయ్యారు. ఎవరో పెద్దాసుపత్రికి తీసుకుపోవాలన్నారు, ఎవరో ఠాణాకు కబురు పంపాలన్నారు. పొలంలో నెత్తుటి గొడ్డలి ఉంది, చూసినవాళ్లు పాతికమంది ఉన్నారు. నా పాస్‌పోర్టు చొక్కా జేబులోనే ఉంది, కేసు అయితే అది అక్కడితో సరి. ఆ సంగతి నాకంటే ముందు చిన్నాయనకు తట్టింది.

"దవాఖానకు వోతే పోలీసోళ్లకు రాస్తరు. నేను వోను" అన్నాడు. "రాయి పీకంగ జారి మీద వడ్డది. అందరు ఇన్నరు గద. రాయి మీద వడ్డది."

ఒక్కొక్కరి ముఖంలోకి చూసి ఆ మాట అనిపించుకున్నాడు. చిన్నమ్మ ఒక్కతే అనలేదు. ఆయన్ను ఎవరిదో స్కూటరు వెనక కూర్చోబెట్టి, దూలపల్లిలో విరిగిన ఎముకలకు కట్టు కట్టే ముసలాయన దగ్గరికి తీసుకుపోయారు. కోడిగుడ్డు సొన, మినప్పిండి, వెదురు బద్దలు, అంతే వైద్యం. మామూలుగా విరిగిన చెయ్యి అయితే ఆ కట్టుకు నయమయ్యేదేమో. చర్మం చీలి బయటికొచ్చిన ఎముక, ఆపరేషను కావాల్సిన చెయ్యి. అది వంకరగానే అతుక్కుంది, చివరి మూడు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు.

నన్ను బేగంపేటకు అమ్మ, మామ మాత్రమే తీసుకెళ్లారు. నాయిన తమ్ముడితో వెళ్లాడు. యాట మాంసం కట్ట మీద పొయ్యి పైనే మాడింది. విమానాశ్రయం వాకిట్లో కాపలా మనిషి నా చొక్కా చేతుల మీది మరకలు చూసి ఏంటని అడిగితే, అమ్మ నాకంటే ముందు అందుకుని యాట నెత్తురని చెప్పింది. విమానం మళ్లీ గంట ఆలస్యమైంది. ఆ గంటసేపూ లోపల కుర్చీలో కూర్చుని, బయట అద్దాల అవతల ఉన్న అమ్మ వైపు చూడలేక, రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఉన్నాను.

మస్కట్ ఎండలో రెండేళ్లు కమ్మీలు వంచాను. మొదటిసారి సెలవు మీద బేగంపేటలో దిగి పెట్టె తోసుకుంటూ బయటికొస్తే, మావాళ్లందరికంటే ముందు చిన్నాయన నిలబడి ఉన్నాడు. ఎడమ చెయ్యి చాచి పెట్టె అందుకున్నాడు. నేను ఇయ్యనని గుంజుకున్నాను, ఆయన వదల్లేదు. వ్యానుదాకా ఒక్క చేత్తోనే మోశాడు. దారిలో నా నోటి నుంచి చిన్నాయనా అన్న మాట బయటికొచ్చింది గానీ, దాని తరువాతి మాట రాలేదు. "గా ముచ్చట ఇడువు, అన్నం తిన్నవా ఇమానంల" అని అడిగాడు. ఆ తరువాత నేను వచ్చిన ప్రతిసారీ ఆయనే వచ్చాడు, ప్రతిసారీ ఆ ఎడమ చెయ్యే.

వల మాత్రం మళ్లీ విసరలేదు. ఒకటి రెండుసార్లు ఎడమ చేత్తో, పళ్లతో ప్రయత్నించాడట, వల ముద్దగా నీళ్లలో పడిందట. తరువాత కట్ట మీద కూర్చుని ఇతరుల వలలకు చిరుగులు కుట్టేవాడు. చిన్నమ్మ నాకు అన్నం వడ్డించేది, కూర ఇంకాస్త వేసేది, మాట్లాడేది కాదు. పోయేదాకా మాట్లాడలేదు. ఆమెను నేను తప్పుపట్టను. అందరూ క్షమిస్తే ఆ చెయ్యి విరిగినట్టు ఎవరికి గుర్తుంటుంది.

రెండువేల సంవత్సరం దాటాక మా వైపు భూములకు రెక్కలొచ్చాయి. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఏ ఊళ్లో చూసినా అన్నదమ్ములు హద్దురాళ్ల దగ్గర తలలు పగలగొట్టుకున్నారు, ఠాణాల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగారు. మా పొలంలో హద్దురాళ్లు లేవు. అమ్మిన రోజు ఇద్దరన్నదమ్ములు ఒకే కాగితం మీద వేలిముద్రలు వేశారు, చిన్నాయనది ఎడమ బొటనవేలు. మా ఇంట్లో గొడవ జరగలేదని ఊరు మెచ్చుకుంది. మా గొడవ అంతా ముందే అయిపోయిందని ఆనాడు చూసినవాళ్లకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు, రాయి మీద పడిందనే అనుకుంటున్నారు. శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తెరిచే నాటికి చిన్నాయన లేడు.

ఇప్పుడు నేనుండేది కొంపల్లిలో. మొన్న నన్ను సాగనంపడానికి ఎవరూ రాలేదు, రావాలని నేనూ అనుకోలేదు, ఫోన్లో కారు పిలిస్తే వచ్చింది. ఈనాడు మనుషుల చేతుల్లో గొడ్డళ్లు లేవు, అది మంచిదే. కొట్టుకున్నా ఫోన్లోనే కొట్టుకుంటారు, ఒకరినొకరు చూడకుండా ఉండడానికి వీలుంది. కానీ విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, కొట్టినవాడి ప్రయాణం తప్పిపోతుందేమోనని తొందరపడే మనిషిని ఇంక నేను చూస్తానని అనుకోను. అటువంటి మనుషులతో కలిసి బతికిన తరం మనది, వాళ్ల విలువ వాళ్లున్నప్పుడు తెలియనిదీ మనకే.

మొన్న శంషాబాద్‌లో ఆ నాలుగు గంటలూ నేను కాఫీ తాగలేదు, దుకాణాల వైపు వెళ్లలేదు. విమానం ఎప్పుడు ఆలస్యమైనా నేను కుర్చీలోంచి కదలను, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంటాను. మా ఆవిడ దీన్ని ఓపిక అనుకుంటుంది. బెంగళూరులో దిగి బయటికొచ్చాక, అందరూ చకచకా సాగిపోతుంటే, పెట్టె పట్టుకుని తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఎప్పుడూ ఆగుతాను. తరువాత పెట్టె నేనే మోసుకుంటూ వెళ్తాను.